ముసలి వేటకుక్కకి క్యాన్సర్ ఆపరేషన్: గడ్డ కనబడిన రోజు నుంచి గట్టెక్కే దాకా

మా శివంగి జోనంగి జాతిది. కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి జోనంగి గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి రెండు ముక్కల్లో: పొట్టి వెంట్రుకలు, నున్నటి ఒళ్ళు, నుదుటి మీద ముడతలు, సన్నటి నడుము. మామూలు కుక్కల్లా మొరగదు, కూతకీ ఊళకీ మధ్య ఏదో ఒక గొంతు తీస్తుంది, అదీ బుద్ధి పుడితేనే. ఎండ ముదిరితే నేలలో గొయ్యి తవ్వుకుని అందులో దూరుతుంది. ఒకప్పుడు బాతుల మందలు కాయడానికీ చిన్నచిన్న జంతువుల వేటకీ వీటిని పెంచేవాళ్ళు. బాతులు తగ్గి చేపల చెరువులు పెరిగాక వీటికి పని లేకుండా పోయింది, దాంతో ఇవీ తగ్గిపోయాయి. వేట మేమూ ఎప్పుడో మానేశాం, 1972 నాటి వన్యప్రాణి చట్టం సంగతి మాకు తెలుసు, కానీ ముంగిస కనబడినప్పుడు శివంగికి ఆ చట్టం ఎవరు చదివి వినిపిస్తారు?

దానికి 11వ ఏట చన్ను దగ్గర గడ్డ వచ్చింది, క్యాన్సర్ అన్నారు, ఆపరేషన్ చేయించాం. అప్పుడు నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదనిపించిన సంగతులన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, కాబట్టి మందుల మోతాదులు ఇందులో ఉండవు, అడగొద్దు కూడా. ఒక్క సంగతి మాత్రం మొదట్నుంచీ గుర్తుపెట్టుకోండి: వేటకుక్క నొప్పి చెప్పదు. కాలికి ముల్లు దిగినా పరిగెత్తే రకం అది. ఇంట్లో పెంచుకునే బొచ్చుకుక్క అయితే సూది చూస్తేనే కుయ్యోమంటుంది, ఇది అననే అనదు. అందుకని ఒక నోటుబుక్కు కొనండి. ఏం తింది, ఎంత బరువుంది, గడ్డ ఎంతుంది, ఎప్పుడు పోసింది, అన్నీ తారీఖు వేసి రాయండి. డాక్టర్ దగ్గర మీ కుక్క తరఫున మాట్లాడేది ఆ బుక్కే.

గడ్డ కనబడింది

ఏడెనిమిదేళ్ళు దాటిన కుక్కని నెలకొకసారి తడిమి చూడాలి. గారాబంగా నిమిరినట్టే నిమురుతూ దవడ కింద నుంచి మొదలుపెట్టి మెడ, భుజాల ముందు, చంకలు, పొట్ట, తొడల లోపలి వైపు, మోకాళ్ళ వెనక, తోక మొదలు, కాలివేళ్ళ సందులు, ఆఖర్న పెదవి ఎత్తి నోట్లో కూడా చూడాలి. ఆడకుక్కకి మామూలుగా ఐదు జతల చన్నులుంటాయి. గడ్డలు ఎక్కువగా వచ్చేది వెనకవైపు రెండు జతల్లో, సరిగ్గా అక్కడే మనం తడమం. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ (పిల్లల ఆపరేషన్ అంటాం) చేయించని ఆడకుక్కలకి ఈ రోగం ఎక్కువ. మా శివంగికి చేయించలేదు, తప్పు మాదే.

గడ్డ దొరికితే కొలవండి. టేపు లేకపోతే పక్కన ఐదు రూపాయల బిళ్ళ పెట్టి ఫోటో తీయండి. రేగుపండంతా, ఉసిరికాయంతా, నిమ్మకాయంతా అన్నది పెద్ద తేడా, ఎందుకంటే చన్ను గడ్డల్లో 3 సెంటీమీటర్ల లోపు ఉండగా తీసేసిన వాటికి ఫలితం బాగుంటుంది. నేను ముల్లు గుచ్చుకుని వాచిందిలే అనుకుని మూడు నెలలు ఊరుకున్నాను. మూడు నెలల్లో రేగుపండు కాస్తా నిమ్మకాయ అయింది. ఈ మూడు నెలల గురించి నన్ను ఎవరూ ఏమీ అనలేదు, నేనే అనుకుంటూ ఉంటాను.

గడ్డని పిసకొద్దు, కొయ్యొద్దు, దారం కట్టొద్దు, జిల్లేడు పాలు, సున్నం రాయొద్దు. మా ఊళ్ళో ఒకాయన ఇలాంటి గడ్డనే చీముగడ్డ అనుకుని బ్లేడు పెట్టాడు, అది చీముగడ్డ కాదు, ఆ పుండు ఇక మానలేదు. ఒకరోజు ఉబ్బి ఒకరోజు తగ్గుతూ ఎర్రగా కనబడే చర్మపు గడ్డ అయితే అసలు ముట్టుకోవద్దు. మాస్ట్ సెల్ ట్యూమర్ అనే రకానికి అది గుర్తు కావచ్చు, దాన్ని నలిపితే లోపలి రసాయనాలు విడుదలై ఒళ్ళంతా ఇబ్బంది పడుతుంది. అలాగని ప్రతి గడ్డా క్యాన్సర్ అని టెన్షన్ పడక్కర్లేదు. ముసలి కుక్కలకి చర్మం కింద మెత్తగా, వేలితో తోస్తే జరిగే కొవ్వు గడ్డలు చాలా మామూలు. కాకపోతే ఏది ఏదో మన వేలికి తెలియదు.

కొయ్యకముందు అదేంటో తెలియాలి

మొదటి పరీక్ష సూదిది. సన్నటి సూదితో గడ్డలో నుంచి కొంచెం తీసి గాజు పలక మీద పూసి మైక్రోస్కోపు కింద చూస్తారు. మత్తు కూడా అక్కర్లేదు, అయిదు నిమిషాల పని. మాస్ట్ సెల్, కొవ్వు గడ్డ లాంటివి చాలావరకు ఇందులోనే తేలిపోతాయి. చన్ను గడ్డ మంచిదా చెడ్డదా అన్నది మాత్రం సూదితో గట్టిగా చెప్పలేరు, తీసి ల్యాబుకి పంపాకే తేలుతుంది.

ఈ సూది పరీక్ష మన దగ్గర ఇంకో కారణానికి చాలా ముఖ్యం. ఊరి కుక్కలతో కలిసి తిరిగే వేటకుక్కలకి జననాంగం దగ్గర గోబీపువ్వులా చితికిన కణితి వచ్చి నెత్తురు చుక్కలు పడుతుంటాయి. అది కలయిక వల్ల ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకునే క్యాన్సర్, డాక్టర్లు టీవీటీ అంటారు. దీనికి చాలాసార్లు కత్తే అవసరం లేదు, వారానికొకటి చొప్పున విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లు కొన్ని వారాలు ఇస్తే కరిగిపోతుంది. పరీక్ష లేకుండా కోయించుకుంటే డబ్బూ పోతుంది, అది మళ్ళీ వచ్చినా రావచ్చు.

తర్వాత ఛాతీ ఎక్స్‌రే. ఒక్కటి కాదు, కుడి పక్క, ఎడమ పక్క, వెల్లకిలా, మూడు తీయించండి. క్యాన్సర్ ఊపిరితిత్తుల్లోకి పాకిందో లేదో చూడటానికి ఒకటే తీస్తే గుండె చాటునో కింది ఊపిరితిత్తిలోనో ఉన్నది కనబడకపోవచ్చు. మరీ చిన్నవి మూడింటిలోనూ కనబడవు, అది వేరే సంగతి. పొట్ట స్కానింగ్ కూడా చెబుతారు, చేయించండి.

రక్త పరీక్షల దగ్గరికి వస్తే డెల్టా వాళ్ళం ఒకటి పట్టుబట్టి అడగాలి: పిడుదుల జ్వరం. పిడుదులు, అదే గోమార్లు, పట్టని కుక్క మన ఊళ్ళలో ఉంటుందా? ఆ జ్వరం పైకి ఏమీ కనబడకుండానే రక్తంలో ప్లేట్‌లెట్లని తగ్గించేస్తుంది. ప్లేట్‌లెట్లు తక్కువున్న కుక్కని బల్ల ఎక్కిస్తే నెత్తురు ఆగదు. శివంగికి అదే బయటపడింది, ముందు దానికి మందు వాడి, మళ్ళీ పరీక్ష చేయించి, ప్లేట్‌లెట్లు పెరిగాకే తారీఖు ఇచ్చారు. నాలుగు వారాలు ఆలస్యమైంది, ఆ నాలుగు వారాలూ గడ్డ ఏమవుతోందో అని నాకు అన్నం సయించలేదు, కానీ తొందరపడి ఉంటే కుక్కే దక్కేది కాదేమో. ప్లేట్‌లెట్లతో పాటు రక్తం శాతం, కిడ్నీ, లివర్, షుగర్ కూడా చూస్తారు. గుండెలో ఏదైనా చప్పుడు తేడాగా వినబడితే దానికి విడిగా పరీక్ష ఉంటుంది.

ఎక్కడికెళ్ళాలి అంటే, మీ ఏరియా పశువైద్యశాల డాక్టర్‌గారి దగ్గర మొదలుపెట్టండి. 1962 నంబరుకి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి చెబుతారు, కానీ క్యాన్సర్ ఆపరేషన్ దాని పని కాదు. పెద్ద ఆపరేషన్ అయితే పశ్చిమ డెల్టా వాళ్ళకి గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఒక దారి. రాజమండ్రి, కాకినాడ, విజయవాడల్లో ప్రైవేటు క్లినిక్కులున్నాయి. ఎక్కడైనా సరే మూడు ప్రశ్నలు అడగండి: గ్యాస్ మత్తు ఇస్తారా ఇంజెక్షన్ మత్తేనా, తీసిన గడ్డని ల్యాబుకి పంపుతారా, రాత్రి ఏమైనా అయితే ఫోన్ ఎవరెత్తుతారు. మూడో ప్రశ్నకి తడుముకుంటే ఇంకోచోటు చూసుకోండి.

చేయించాలా వద్దా

"ముసలిదైపోయింది, ఇంకెందుకు హింస" అని పదిమంది అంటారు. వయసు రోగం కాదు. కిడ్నీలు, గుండె బాగుండి, క్యాన్సర్ పాకకుండా ఉంటే 11 ఏళ్ళ కుక్క కూడా మత్తుని తట్టుకుంటుంది. కుక్కల చన్ను గడ్డల్లో దాదాపు సగం క్యాన్సర్ కానివే, మిగతా సగంలో కూడా పాకకముందు తీస్తే కొన్ని పూర్తిగా నయమవుతాయి.

వద్దనుకోవాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో అప్పటికే మచ్చలు కనబడితే కోసి లాభం తక్కువ, నొప్పి తగ్గించి ఉన్నన్నాళ్ళు సుఖంగా ఉంచడమే మంచిది. చన్నుల వరస మొత్తం వేడిగా, ఎర్రగా, గట్టిగా వాచి ముట్టుకోనివ్వకపోతే అది వేరే రకం, దానికి డాక్టర్లే కత్తి పెట్టరు. ఇలాంటప్పుడు ఆపరేషన్ వద్దనుకోవడం చేతులెత్తేయడం కాదు.

డబ్బు సంగతి సిగ్గుపడకుండా ముందే అడగండి. ఆపరేషన్ ఖర్చు ఒక్కటే చెబుతారు చాలామంది, ల్యాబు రిపోర్టు, మందులు, కట్లు, మళ్ళీమళ్ళీ వెళ్ళే కారు కిరాయి కలిపితే లెక్క వేరు. "మనుషులకే దిక్కు లేదు, కుక్కకి ఆపరేషనా?" అన్న మాట మా ఇంట్లోనే వచ్చింది. మా నాన్న ఒక్కటే అన్నాడు, పదేళ్ళు చెరువుగట్టు మీద దొంగ రాకుండా కాసింది, జీతం ఎప్పుడైనా ఇచ్చామా అని. అక్కడితో ఆ చర్చ అయిపోయింది.

ముందు వారం

తారీఖు పెట్టుకునేటప్పుడు గోదావరిని కూడా అడగాలి. లంక గ్రామాల వాళ్ళకి ఇది నవ్వులాట కాదు. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకి, రెండోది 13 లక్షలకి, మూడోది 17 లక్షలకి ఇస్తారు. వరద పెరిగే కొద్దీ కాజ్‌వేలు మునిగి పడవలే గతి అవుతాయి. జూలై, ఆగస్టుల్లో ఆపరేషన్ తప్పదంటే కుట్లు విప్పే దాకా కుక్కని రోడ్డు పక్క చుట్టాల ఇంట్లో ఉంచండి. అలాగని గడ్డ పెరుగుతుంటే వరదలు తగ్గాక చూద్దాం అనొద్దు.

జోనంగి, ముధోల్, రాజపాళయం, చిప్పిపారై, ఇలాంటి సన్నటి కుక్కల ఒంట్లో కొవ్వు తక్కువ. కొవ్వు తక్కువున్న వేటకుక్కల్లో కొన్ని పాతరకం మత్తు ఇంజెక్షన్లు, ముఖ్యంగా థయోపెంటోన్, దిగడానికి చాలాసేపు పడుతుంది. డాక్టర్‌కి తెలిసే ఉంటుంది, అయినా మీరూ చెప్పండి. ఇవి బల్ల మీద తొందరగా చల్లబడిపోతాయి కూడా, వెచ్చగా ఉంచే ఏర్పాటు ఉందా అని అడగండి.

ఇంట్లో చేయాల్సినవి: ఒక గది ఖాళీ చెయ్యండి, టైల్స్ జారతాయి కాబట్టి రబ్బరు మ్యాట్ పరవండి, దాని మీద గోనెసంచి, పైన ఉతికిన నూలు చీర. దోమతెర కొనండి, ఎందుకో తర్వాత చెబుతాను. మెడకి తగిలించే గరాటు ఉంటుంది, మందుల షాపులో కోన్ అంటారు. అది ఆపరేషన్ రోజు కాదు, వారం ముందే తెచ్చి రోజూ కాసేపు తగిలించి అందులోనే తిండి పెట్టి అలవాటు చెయ్యండి. గొలుసు కూడా అంతే. పుట్టినప్పట్నుంచి చేలగట్ల మీద వదిలేసిన కుక్కకి గొలుసుతో నడుస్తూ ఒకటికి పోయడం రాదు. శివంగి మొదటి రెండు రోజులు నన్ను పరాయివాణ్ణి చూసినట్టు చూసి బిగపట్టుకుంది.

రెండు రోజుల ముందు స్నానం చేయించి గోమార్లన్నీ ఏరండి. ఇప్పటికే ఏదైనా మందు వాడుతుంటే, ముఖ్యంగా దురదకి స్టెరాయిడ్ మాత్రలు, డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. స్టెరాయిడ్, నొప్పిమాత్ర కలిస్తే కడుపులో పుండ్లు పడతాయి. ముందురోజు రాత్రి తిండి ఎప్పుడు ఆపాలి, నీళ్ళు ఎప్పటిదాకా పెట్టొచ్చు అన్నది వాళ్ళు చెప్పినట్టే చెయ్యండి. జాలిపడి తెల్లారుజామున పాలు పోసే అమ్మమ్మలుంటారు ఇంట్లో, వాళ్ళకి ముందే చెప్పండి. కడుపులో ఉన్నది మత్తులో కక్కుకుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆ రోజు

బండి మీద ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళే అలవాటు మనకి. వెళ్ళేటప్పుడు సరే, వచ్చేటప్పుడు కుదరదు, కారో ఆటోనో చూసుకోండి. వెనక సీటు మొత్తం దానికే.

లోపలికి తీసుకెళ్ళేముందు ఇంకోసారి గుర్తుచెయ్యండి: తీసిన గడ్డ మొత్తం, పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేసి ల్యాబుకి పోవాలి. నాకు తెలిసినవాళ్ళ కుక్కకి ఒకచోట గడ్డ తీసి చెత్తబుట్టలో వేశారు. ఆర్నెల్లకి మళ్ళీ వస్తే మొదటిది ఏ రకమో చెప్పేవాళ్ళు లేరు. పిల్లల ఆపరేషన్ కూడా ఇప్పుడే చెయ్యొచ్చా అని అడగండి, ముసలి ఆడకుక్కలకి గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం దాంతో పోతుంది. ఒకే మత్తులో రెండూ చేస్తారా లేదా అన్నది కుక్క ఓపికని బట్టి వాళ్ళు తేల్చాలి.

మొదటి రాత్రి

నిద్రపోవద్దు. మత్తు దిగేటప్పుడు కుక్క వణుకుతుంది, మూలుగుతుంది, గోడకేసి చూస్తుంది, మనల్ని గుర్తుపట్టనట్టు ఉంటుంది. భయపడక్కర్లేదు, పొద్దుటికి సర్దుకుంటుంది. దుప్పటి కప్పండి కానీ వేడినీళ్ళ సీసా ఒంటికి నేరుగా ఆనించొద్దు, మత్తులో కాలినా తెలియదు. మంచం మీద, అరుగు మీద పడుకోబెట్టొద్దు. నీళ్ళు కొంచెం కొంచెంగా, తిండి మామూలుగా పెట్టేదాంట్లో పావు వంతు.

గంటకొకసారి పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్ల లోపు రంగు తిరిగి రావాలి. నిద్రలో ఊపిరి నిమిషానికి 30 లోపు ఉండాలి. చిగుళ్ళు సున్నంలా తెల్లబడితే, పొట్ట ఉబ్బితే, కట్టు నెత్తుటితో తడిసి కారుతుంటే, లేపినా లేవకపోతే, అర్ధరాత్రయినా సరే ఫోన్ చేసి బయల్దేరండి. రోజు గడిచినా ఒకటికి పోయకపోతే ఫోన్ చెయ్యాల్సిందే. మలం మాత్రం రెండు మూడు రోజులు ఆలస్యం కావడం మామూలే.

ఆ పద్నాలుగు రోజులు

ఆపరేషన్ డాక్టర్‌ది, ఇది మాత్రం మీది. కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజులకి విప్పుతారు, అప్పటిదాకా ఈ గది, ఈ గొలుసు, ఈ గరాటు.

గాయాన్ని పొద్దున, సాయంత్రం చూసి రోజూ ఒకే వెలుతురులో ఫోటో తీయండి. అంచులు కలిసి, కొంచెం ఎర్రగా, కొంచెం వాపుతో ఉంటే పర్వాలేదు. కుట్ల కింద నీటి బుడగలా మెత్తగా చేరితే అది లోపల ఊరిన నీరు కావచ్చు, చన్ను ఆపరేషన్లలో ఇది తరచూ వస్తుంది. సూదితో మీరే తీయొద్దు, డాక్టర్‌కి చూపించండి. వాసన, చీము, వేడి, కుట్టు తెగడం, 103 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం ఉంటే ఆగకండి. కుక్కల మామూలు వేడి 101 నుంచి 102.5 దాకా ఉంటుంది, మన లెక్కతో చూసి కంగారుపడొద్దు.

ఇప్పుడు దోమతెర సంగతి. మన తేమకి, పశువుల పాకలకి, చెరువుల మేత వాసనకి ఈగలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. తడి గాయం మీద ఈగ వాలి గుడ్లు పెడితే ఒకట్రెండు రోజుల్లో పురుగులు తిరుగుతాయి. ఆపరేషన్ బాగా జరిగి, రిపోర్టు బాగా వచ్చి, పురుగులు పట్టి పోయిన కుక్కలున్నాయి. గోడకి నాలుగు మేకులు కొట్టి తెర కట్టండి, పగలు కూడా అందులోనే. గది నేల రోజూ తుడవండి, పరిచిన చీర రోజూ మార్చండి. గాయం చుట్టూ వాడే ఈగల స్ప్రే డాక్టర్‌ని అడిగి తెచ్చుకోండి. పసుపు, వేపనూనె, కిరసనాయిలు, బండి నుంచి తీసిన కాలిన ఆయిలు, ఇవి కుట్ల మీద పొయ్యొద్దు. పసుపు మంచిదే కదా అంటారు. కూరలో మంచిదే. కుట్ల మీద అట్టకట్టి కింద ఏం జరుగుతుందో కనబడనివ్వదు.

నీళ్ళలోకి దిగనివ్వొద్దు. పంటకాలువ, వరిచేను, రొయ్యల చెరువు, ఏదీ వద్దు. చేలో నీళ్ళలో ఎలుకల మూత్రం వల్ల ఎలుక జ్వరం రావచ్చు, చెరువుల్లో సున్నం, బ్లీచింగ్ చల్లుతారు, పచ్చి గాయానికి రెండూ పడవు. వానొస్తే పాత గొడుగు పట్టుకుని ఒకటికి తీసుకెళ్ళాను నేను, వీధిలో వాళ్ళు నవ్వారు, నవ్వనీండి.

గరాటు తియ్యొద్దు. "పాపం, కాసేపు" అని తీస్తారు, ఆ కాసేపట్లోనే కుట్లు ఊడిపోతాయి. కుక్క నాలుక మందు అన్నది వట్టి మాట. గరాటు అస్సలు పడకపోతే పిల్లల పాత నూలు బనీను తొడిగి నడుం దగ్గర ముడి వెయ్యండి, కానీ పళ్ళతో చింపే కుక్క అయితే గరాటే గతి.

మందులు టైముకి, తిండి తర్వాత. నొప్పిమాత్ర కుక్క కుంటడం లేదని ఆపేయొద్దు, ఆ మాత్ర వల్లే కుంటడం లేదు. మన ఇంట్లో ఉన్న మాత్రలు ఒక్కటి కూడా వెయ్యొద్దు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ కుక్క కడుపుని, కిడ్నీలని దెబ్బతీస్తాయి, పారాసిటమాల్ కూడా డాక్టర్ చెప్పకుండా వద్దు. డైక్లోఫెనాక్‌ని పశువులకి వాడటం 2006లోనే మన దేశంలో నిషేధించారు, అది రాబందులు చచ్చిపోతున్నాయని, అయినా మనుషుల మాత్ర సగం విరిచి కుక్కకి వేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాంతులు, తారులా నల్లటి విరేచనం కనబడితే తర్వాతి మాత్ర వెయ్యకుండా ఫోన్ చెయ్యండి.

మొరగని, మూలగని కుక్కకి నొప్పి ఉందని ఎలా తెలుస్తుంది? నేను పట్టుకున్న గుర్తులివి: చుట్టుకుని పడుకోకుండా కూర్చునే నిద్రపోవడం, లేచేటప్పుడు రెండుసార్లు ప్రయత్నించడం, చెవులు వెనక్కి అంటుకుపోవడం, చల్లటి పూట కూడా ఒగర్చడం, గిన్నె దాకా వచ్చి వాసన చూసి వెనక్కి వెళ్ళడం, తెలిసిన మనిషి వస్తే తోక ఊపుతూనే లేవకపోవడం. ఇందులో రెండు కలిసి కనబడితే నేను బుక్కులో రాసి ఫోన్ చేసేవాణ్ణి. ఒకసారి డాక్టర్‌గారు మందు మార్చారు, ఆ రాత్రే అది చుట్టుకుని పడుకుంది.

అసలు ప్రమాదం నొప్పి తగ్గాక మొదలవుతుంది. తొమ్మిదో రోజు పొద్దున శివంగి బాగా హుషారుగా ఉందని గొలుసు కొంచెం వదులుగా పట్టుకున్నాను. కొబ్బరితోటలో ముంగిస అడ్డం వచ్చింది. గొలుసు నా చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలియదు, పదకొండేళ్ళ ముసలిది, పొట్ట నిండా కుట్లు, గరాటు ఆకులకి కొట్టుకుంటూ మూడు చెట్ల వరసలు దాటేసింది. రెండు కుట్లు తెగాయి. మళ్ళీ కారు, మళ్ళీ కుట్లు, లెక్క మళ్ళీ ఒకటో రోజు నుంచి. కాబట్టి గొలుసు మణికట్టుకి రెండు చుట్లు చుట్టండి, ఒకటికి, రెండుకి అయిదు పది నిమిషాలు తిప్పి లోపలికి తెచ్చేయండి, మెట్లు, అరుగులు ఎక్కించొద్దు. ఎండాకాలమైతే గొయ్యి తవ్వుతుంది, ముందుకాళ్ళతో తవ్వితే ఛాతీ కుట్లన్నీ లాగుతాయి. గచ్చు మీద తడిబట్ట పిండి పరిస్తే గొయ్యి మరిచిపోతుంది, ఆ బట్ట గాయానికి తగలకుండా చూసుకోవాలి. కరెంటు పోతే విసనకర్రే.

తిండి: మెత్తగా ఉడికిన అన్నం, ఎముక తీసిన కోడిమాంసం, గుడ్డు, కొంచెం పెరుగు. గోరువెచ్చగా పెడితే వాసనకి తింటుంది. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర చారు కలపొద్దు, అవి కుక్క రక్తానికి చేటు. ద్రాక్ష, కిస్‌మిస్ వద్దు. చేప పెడితే ముల్లు లేకుండా. పుస్తెలమ్మయినా పులస తినాలన్నారు కానీ పులస ముళ్ళు ఏరడం కన్నా పుస్తెలు అమ్మడమే తేలిక, అది మనం తిందాం. కిడ్నీ తేడా ఉన్న కుక్కకి మాంసం ఎంత పెట్టాలో డాక్టర్‌ని అడగాలి. వారానికొకసారి బరువు చూడండి. ముందు మీరు ఒక్కరే కాటా ఎక్కి, తర్వాత కుక్కని పొట్ట నొక్కకుండా ఎత్తుకుని ఎక్కి, తీసేయండి. మా బియ్యం కొట్టాయన మొదటిసారి ఏంటో అనుకున్నాడు గానీ తర్వాత తనే పేరు పెట్టి పిలిచి తూచేవాడు.

రిపోర్టు వచ్చాక

రిపోర్టులో మీరు చూడాల్సినవి మూడు: ఏ రకం క్యాన్సర్, దాని గ్రేడు ఎంత (అంటే ఎంత మొండి రకం), కోసిన అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలాయా లేదా. అంచులు శుభ్రంగా ఉండి గ్రేడు తక్కువైతే చాలాసార్లు ఇంకేమీ అక్కర్లేదు, చూసుకుంటూ ఉండటమే. అంచుల్లో మిగిలితే మళ్ళీ కొయ్యాలా, కీమో ఇవ్వాలా అన్నది మాట్లాడాలి. కుక్కలకి ఇచ్చే కీమో మనుషులకిచ్చినంత తీవ్రంగా ఉండదు, రోగాన్ని పూర్తిగా తుడిచెయ్యడం కన్నా కుక్క సుఖంగా ఉండటం మీదే దృష్టి. కీమో ఇచ్చాక రెండు మూడు రోజులు దాని మూత్రం, మలం చేతి తొడుగులతోనే తియ్యాలి, గర్భిణులు, చిన్నపిల్లలు దూరంగా ఉండాలి.

తర్వాత మొదటి ఏడాది మూడు నెలలకొకసారి తడిమి చూపించడం, డాక్టర్ చెప్పినప్పుడల్లా ఛాతీ ఎక్స్‌రే. ఇది తప్పించొద్దు. రెండోసారి వచ్చినా రేగుపండంత ఉన్నప్పుడే పట్టుకోవచ్చు.

మళ్ళీ గట్టు మీదకి

కుట్లు విప్పిన రోజే వదిలేయొద్దు. మొదటివారం గొలుసుతో పది నిమిషాలు, తర్వాత పావుగంట, అలా నెల పట్టనివ్వండి. పరుగు ఆఖర్న. వేటకుక్కకి కాళ్ళు ఆపొచ్చు గానీ ముక్కు ఆపలేం, పని లేకపోతే అది దిగాలు పడుతుంది. నేను కొబ్బరిపీచు కుప్పలో ఉడికించిన కోడి ముక్కలు దాచి వెతకమనేవాణ్ణి. పరిగెత్తక్కర్లేదు, వాసన పట్టి తవ్వకుండా ముక్కుతో తోసుకుంటూ తీసుకుంటుంది, పావుగంట తర్వాత వేటకెళ్ళొచ్చినంత అలసిపోయి పడుకుంటుంది.

రోగం తిరగబెట్టిన వాళ్ళకి ఒక మాట. గోడ క్యాలెండర్ మీద రోజూ రాత్రి ఒక గుర్తు పెట్టండి, తిని, తిరిగి, మనల్ని పలకరించిన రోజుకి టిక్కు, లేని రోజుకి ఇంటు. వారంలో ఇంటు గుర్తులు ఎక్కువైతే డాక్టర్‌తో దాన్ని శాశ్వతంగా నిద్రపుచ్చే సంగతి మాట్లాడాల్సిన సమయం వచ్చినట్టే. మత్తు ఇచ్చి, నొప్పి తెలియకుండా చేస్తారు, ఇంటికి వచ్చి చేసే డాక్టర్లూ ఉంటారు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ దాన్ని ఈడ్చొద్దు. అది తనంతట తను అడగదు, ముందే చెప్పాగా.

మా శివంగికి ఆపరేషన్ అయి ఏడు నెలలు. రెండుసార్లు ఎక్స్‌రే తీశారు, శుభ్రంగానే ఉంది. బరువు 16 కిలోలు, ఆపరేషన్ నాటికన్నా కిలోన్నర ఎక్కువ, డాక్టర్‌గారు అన్నం తగ్గించమన్నారు. ఇసకకుప్పలో మళ్ళీ గొయ్యి తవ్వుకుంది. దోమతెర మాత్రం తియ్యలేకపోయాం, రాత్రయితే ఆ గది ముందు నిలబడి, తెర ఎత్తే దాకా పడుకోదు.